తాళంచెవి ఎవరి జేబులో ఉంది

ఫోనక్కకు కోపం వస్తే ఆఫీసంతా తెలుస్తుంది. పగ పుడితే మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పుడు ఆవిడ నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వును మూడు నెలలపాటు రోజూ చూసి కూడా "మా వదిన ఎంత సర్దుకుపోయే మనిషో!" అని మురిసిపోయిన మహానుభావుడు ఒకడున్నాడు. ఆవిడ మరిది. అంటే సొంత చెల్లెలి మొగుడు. ముందు ఆవిడ సంగతి చెప్పి తరవాత అతగాడి దగ్గరికి వద్దాం. అతగాడికి అంత తొందరేం లేదు.

లిఫ్టులు బిగించి, చెడితే బాగుచేసే కంపెనీ అది. నలభై మంది మెకానిక్కులు ఊరంతా తిరుగుతుంటారు. ఎక్కడో ఓ మేడ మీద మెషీన్ రూములో, చేతులకు గ్రీజుతో నిలబడి, ఎంత చూసినా రోగం అంతుపట్టకపోతే ఆఫీసుకు ఫోను చేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఫోను ఎత్తింది ఆవిడే. పేరు పెట్టి పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. నిన్నగాక మొన్న చేరినవాడికీ, రేపోమాపో రిటైరయ్యే ముసలాయనకీ ఆవిడ ఫోనక్కే.

"అక్కా, మూడో అంతస్తు దాటగానే ఆగిపోతోంది."

"శబ్దం చేసి ఆగుతోందా, చెయ్యకుండా ఆగుతోందా?"

"చేసే ఆగుతోంది."

"గరగరా, టకటకా?"

"టక్కుమని ఒక్కసారే."

"ఒక్కసారే అయితే మోటారు జోలికి పోకు. మూడో అంతస్తు తలుపు గొళ్ళెం చూడు. అరిగిపోయి ఉంటుంది."

అరిగిపోయే ఉండేది. ఆవిడ జన్మలో మెషీన్ రూము ఎక్కింది రెండే రెండుసార్లు. అయినా ఊళ్ళో ఏ లిఫ్టు ఎప్పుడు ఎలా మొండికేస్తుందో, కన్నపిల్లల గుణాలు చెప్పినట్టు చెప్పేది. గాల్లోంచి ఊడిపడ్డ విద్య కాదది. ప్రతి ఫోను అవగానే ఒక అట్ట కార్డు తీసి రాసుకునేది. ముందు పక్క రోగమూ, మందూ. వెనక పక్క, మందు చెప్పే ముందు మెకానిక్కును అడగాల్సిన ప్రశ్నలు. అలా రెండువేల మూడొందల కార్డులు, తొమ్మిది రేకు పెట్టెల్లో. ఫోను రాగానే కార్డు లాగడం, లాగగానే తిరగేసి వెనక పక్క ముందు చదవడం ఆవిడ పద్ధతి.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. చేరిన రెండో ఏట ఆవిడకింకా దూకుడెక్కువ. ఒక మెకానిక్కు అడిగీ అడగకముందే "బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పెయ్" అని చెప్పేసింది. మందు సరైనదే, మోటారు చక్రం చేత్తో తిప్పితే ఆగిన లిఫ్టు కదులుతుంది. కాకపోతే అతను మెయిన్ స్విచ్ తీసి కరెంటు ఆపలేదు. కింద ఎవరో తొందరలో ఉన్న పెద్దమనిషి బటన్ నొక్కాడు. మోటారు తిరిగింది, మెకానిక్కు వేళ్ళు రెండు పోయాయి. ఆ మెకానిక్కు ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది. మర్నాటి నుంచి ఎవరు ఫోను చేసినా ముందు మూడు ప్రశ్నలే. మెయిన్ తీశావా? తాళం వేశావా? తాళంచెవి ఎవరి జేబులో ఉంది? స్విచ్ పెట్టెకు తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నవాడి చెయ్యి తన ఒంటికే ఉంటుంది, అంతే.

మెకానిక్కులు ఏం చేశారంటే, ఆ మూడూ గుర్తుంచుకునే బరువంతా తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టేశారు. పైకెక్కడం, ఫోను చెయ్యడం, ఆవిడ అడిగాక "ఉండక్కా" అని అప్పుడు వెళ్ళి మెయిన్ తియ్యడం. అక్క అడుగుతుందిగా అని ధీమా. మంచి అలవాటు కాదు, కానీ పదిహేడేళ్ళలో మళ్ళీ ఒక్క వేలు తెగలేదు.

ఇక మరిది దగ్గరికి వద్దాం. పని లేక, చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఫోనక్కే పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి అతన్ని కంపెనీలో పెట్టించింది. పెద్దాయనంటే యజమాని. ఒకప్పుడు తనూ మెకానిక్కుగా మెట్లెక్కినవాడే. మరిదికి లిఫ్టంటే ఎక్కి దిగడం తప్ప ఏమీ తెలియదు. మాట మాత్రం వెన్నలా ఉంటుంది. ఆ వెన్నతోనే ఆరేళ్ళలో మేనేజరు కుర్చీ దాకా జారుకుంటూ వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం వచ్చి "వదినా, ఈ కార్డులు చెదలు పడితే ఏం కాను? స్కాన్ చేయించి భద్రంగా పెడతాను" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని తొమ్మిది పెట్టెలూ ఇచ్చేసింది పిచ్చిమాలోకం. తడిగుడ్డతో గొంతు కోసేవాడు ముందు గుడ్డ తడుపుకోవడం చూసినా మనకు అర్థం కాదు కదా.

నెల తిరక్కుండా మీటింగు పెట్టాడు. ఇకమీదట మెకానిక్కులు ఫోన్లు చెయ్యక్కర్లేదట. చేతిలో ఫోను తీసి చాట్‌లో ప్రశ్న రాస్తే ఏఐ జవాబు చెబుతుందట. "ఫీల్డు నుంచి నేను దగ్గరుండి సేకరించిన సమాచారమంతా అందులో పెడుతున్నాను సార్" అన్నాడు పెద్దాయనతో. ఫోనక్క ఆ గదిలోనే, మూడో కుర్చీలో ఉంది. అతను ఆవిడ వంక చూసి, పెద్ద మనసు చేసుకున్నట్టు ఒక మాట కలిపాడు. "మా వదిన ఇన్నాళ్ళూ ఫోన్లు ఎత్తేది. చాలా ఓపిక."

ఫోన్లు ఎత్తేది! పందొమ్మిదేళ్ళ బతుకు రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే నవ్వడం మొదలెట్టింది. చాట్ మొదలవ్వాల్సిన వారం ముందు బల్ల మీంచి ఫోను పీకేసి, ఆవిణ్ణి వచ్చేపోయేవాళ్ళ సంతకాలు పెట్టించే రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడూ నవ్వింది. లోపల మాత్రం ఒట్టు పెట్టుకుంది. ఉద్యోగం అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. వీడి నోటితోనే, నలుగురూ వింటుండగా, 'ఆ కార్డులు మా వదినవి' అని అనిపించాలి. అనిపించకపోతే నేను నేనే కాదు.

సర్వరు ఆఫీసులోనే ఉండాలని పెద్దాయన పట్టుబట్టాడు. ఏ మేడలో మెషీన్ రూము ఎక్కడుందో, తాళాలు ఎక్కడ పెడతారో బయటివాళ్ళ కంప్యూటర్లకు చేరకూడదన్నాడు. అందుకని చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే గది ఖాళీ చేసి అందులో సర్వరు పెట్టారు. దాని మీద రెండు ప్రోగ్రాములు. ఒకటి మెకానిక్కులకు కనబడే చాట్ తెర. ప్రశ్న తీసుకోవడం, జవాబు చూపించడం తప్ప దానికి సొంత బుర్ర లేదు. రెండోది వెనక పనిచేసే బ్యాకెండ్. ప్రశ్న అందుకుని, కార్డుల్లో వెతికి, ఏఐ మోడల్‌తో జవాబు రాయించి పంపేది అదే. కాంట్రాక్టరు రెండూ పెట్టేసి, సూచనల కాగితాలు ఓ కట్ట చేతికిచ్చి, వేరే ఊళ్ళో పనికి వెళ్ళిపోయాడు. రెంటినీ కలపడం ఒక్కటే మిగిలింది. "అదెంతసేపు, అడ్రసు కొడితే చాలు" అన్నాడు మరిది. కొట్టాడు. కలవలేదు. మూడు రోజులు కొడుతూనే ఉన్నాడు. సోమవారం పొద్దున పెద్దాయన ముందు చూపించాలి, ఇవాళ చూస్తే గురువారం.

ఆ సూచనల కట్టను రంధ్రాలు వేసి ఫైలు చెయ్యమని అతనే వదిన బల్ల మీద పడేసి వెళ్ళాడు. రిసెప్షన్లో ఈగలు తోలుకోవడం తప్ప పనేముంది? ఆవిడ ఆ కట్టను నాలుగుసార్లు చదివింది. అర్థం కానిచోట కాంట్రాక్టరుకు ఫోను చేసి అడిగింది. ఫోన్లో ఎదుటివాడి నోటి నుంచి అసలు సంగతి రాబట్టడం ఆవిడకెవరూ నేర్పనక్కర్లేదు కదా.

గురువారం మధ్యాహ్నం మరిది రిసెప్షన్ ముందే నిలబడి జుట్టు పీక్కుంటున్నాడు.

"తెర వస్తోందా?" అంది ఫోనక్క, రిజిస్టరులోంచి తలెత్తకుండా.

"వస్తోంది వదినా."

"మోడళ్ళ జాబితాలో ఏమైనా కనబడుతోందా?"

"ఖాళీగా ఉంది."

"వెంటనే ఖాళీ అంటోందా, కాసేపు గుండ్రంగా తిరిగి అంటోందా?"

మరిది తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి చూశాడు. "వెంటనే."

"వెంటనే అయితే అడ్రసు తప్పు. ఏం కొట్టావు?"

"లోకల్‌హోస్ట్. రెండూ ఒకే మెషీన్లో ఉన్నాయిగా?"

"ఒకే మెషీన్లో ఉన్నా వేరే వేరే డబ్బాల్లో పెట్టాడయ్యా కాంట్రాక్టరు. లోకల్‌హోస్ట్ అంటే 'నేనున్నచోటే' అని. ఆ తెర తన డబ్బాలోనే వెతుక్కుంటోంది. పక్కింటావిణ్ణి పిలవాలని మన వంటింట్లో నిలబడి మన పేరే పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు?"

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మరిది ఆ క్షణమే కాళ్ళ దగ్గరికి వచ్చేశాడు. "వదినా, మీరే కాస్త కూర్చోండి. మన ఇంటి పరువు."

కూర్చుంది. లోకల్‌హోస్ట్ తీసేసి, కాంట్రాక్టరు బ్యాకెండ్ డబ్బాకు పెట్టిన పేరు కొట్టింది. దాని పక్కన, డబ్బాకు తలుపు నంబరు లాంటి పోర్టు నంబరు, చివర 'వీ1' అని తోక. ఆ తోక లేకపోతే తెర వెళ్ళి తలుపు కాక గోడ తడుతుందని కట్టలో రాసి ఉంది. తాళపుమాట అడిగే గడిని మరిది ఖాళీగా వదిలేశాడు. బ్యాకెండ్‌కు అది అక్కర్లేకపోయినా, తెరకు ఏదో ఒక మాట పడితే గాని ఊరుకోదు. ఆవిడ ఒక మాట కొట్టింది. అదేమిటో చెప్పను. బూతు కాదు గాని, మరిది గురించే.

జాబితాలో ఒక పేరు మెరిసింది. కలిసింది! మరిది గంతేశాడు. ఫోనక్క మాత్రం ఆ పేరు వంకే చూస్తోంది. మెకానిక్కులు ఇకనుంచి ఎవరిని ప్రశ్న అడగాలో ఆ పేరు. అది మరిది పేరే, 'గారు' కూడా తగిలించి.

"ఇదేమిటయ్యా?"

"పెద్దాయనే పెట్టమన్నారు వదినా, నేను వద్దంటూనే ఉన్నాను."

పెద్దాయనకు ఆ ముక్కే తెలియదని ఆవిడకు తెలుసు. తన కార్డులు మింగిన మెషీను, వీడి పేరుతో, మెకానిక్కులకు మందు చెబుతుందన్నమాట. "బాగుంది, నీకు తగ్గట్టే ఉంది" అని నవ్వింది.

కలిసిన సంగతి ఖాయం చేసుకోవడానికి కాంట్రాక్టరు ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. చేతి పరీక్ష అంటారు. బ్యాకెండ్‌లో ఒక మీట నొక్కితే, వచ్చే ప్రశ్న మోడల్‌కు పోకుండా సర్వరు గదిలో ఉన్న తెర మీదికి వస్తుంది. అక్కడ కూర్చున్న మనిషి టైపు చేసిందే జవాబుగా వెళుతుంది. చాట్ తెరకు తన వెనక మెషీనుందో మనిషుందో పట్టదు, జవాబు సరైన రూపంలో వస్తే చాలు. ఫోనక్క సర్వరు గదిలోకి వెళ్ళి ఆ మీట నొక్కింది. మరిదికి ఈ సంగతి చెప్పలేదు. ఏం, చెప్పాలా?

హాల్లోంచి అతను 'నమస్కారం' కొట్టాడు. ఆవిడ 'నమస్కారమండీ, ఏం కావాలి?' అని కొట్టింది.

"మాట్లాడుతోంది వదినా! ఎంత మర్యాదగా మాట్లాడుతోందో!" అని గోడ అవతలి నుంచి కేక. కాసేపాగి ఇంకో ప్రశ్న వచ్చింది. 'ఈ కంపెనీలో అందరికన్నా తెలివైనవాడు ఎవరు?'

ఫోనక్క నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని, 'ప్రశ్న అడిగినవారే' అని కొట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా మరిది కాళ్ళు నేల మీద ఆనలేదు.

శుక్రవారం చేతి పరీక్ష తీసేసి, అసలు కార్డులకూ మోడల్‌కూ దారి ఇచ్చింది. తనే ఒక ప్రశ్న కొట్టి చూసింది. 'లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది, ఏం చెయ్యాలి?' జవాబు చకచకా వచ్చింది. బ్రేకు వదలండి, చక్రం చేత్తో తిప్పండి. తన మాటలే, తను రాసినవి రాసినట్టే. కానీ మెయిన్ మాట లేదు. తాళం మాట లేదు. ఇంకో ప్రశ్న అడిగింది, ఇంకోటి అడిగింది. అన్నీ మందులే, ఒక్క ప్రశ్న లేదు. వెళ్ళి స్కాన్ చేసిన బొమ్మలు లెక్కబెట్టింది. రెండువేల మూడొందలు. నాలుగువేల ఆరొందలు ఉండాలి.

ఆ మహానుభావుడు కార్డుల ముందు పక్కలు మాత్రమే స్కాన్ చేయించాడు! వెనక ఏముందో తిప్పి చూసిన పాపాన పోలేదు. చూస్తే గదా, చదివితే గదా. ఫీల్డు నుంచి దగ్గరుండి సేకరించాడట, సచ్చినోడు!

ఆవిడకు అప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. వెంటనే లెక్క వేసుకుంది. సోమవారం హాల్లో పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా మెషీను జవాబు చెబుతుంది. ముందు అడగాల్సినవి అడగకుండా చెబుతుంది. పెద్దాయన చేతికింకా పాత గ్రీజు మరక పోలేదు, చూడగానే కుర్చీలోంచి లేస్తాడు. 'మెయిన్ తీశావా అనకుండా చక్రం తిప్పమంటుందేమిటయ్యా, ఎవడు చేశాడిది?' అంటాడు. అప్పుడు తను కార్డు పట్టుకుని లోపలికి వెళ్ళి, నిదానంగా తిరగేసి, 'ఈ పక్క ఎవరు రాశారో మా మరిదిని చెప్పమనండి' అంటుంది.

సోమవారం అవతలి నుంచి ప్రశ్న అడిగేది బల్లి. గోడలు పట్టుకు పాకే నేర్పు చూసి పెట్టిన పేరది, పదహారేళ్ళ సర్వీసు. నిజంగా చెడిన లిఫ్టు దగ్గర నిలబడి అడుగుతాడని మరిది గొప్పగా ఏర్పాటు చేశాడు. వాడు మెయిన్ తీస్తాడా? ఆ ఆలోచన ఆవిడకు రాకపోలేదు, వచ్చింది. అక్క అడిగేదాకా తియ్యకపోవడం వాళ్ళ అలవాటని ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 'పదహారేళ్ళ సర్వీసున్నవాడికి ఆమాత్రం తెలీదా, అయినా వాడు చెయ్యి పెట్టేలోపే పెద్దాయన లేస్తాడులే' అని తోసేసింది. శుక్రవారం సాయంత్రం మరిది "అంతా బాగున్నట్టేనా వదినా?" అంటే, "ఇంకేం, దివ్యంగా ఉంది" అంది.

ఆదివారం చెల్లెలు వచ్చింది. "ఆయన పేరే పెట్టారటగా అక్కా మెషీనుకు! నీకూ సంతోషమేగా?"

"ఎంత సంతోషమో రేపు చూద్దువుగాని" అంది అక్క.

సోమవారం పదింటికి హాలు నిండిపోయింది. పాతికమంది మెకానిక్కులు గోడల వెంట నిలబడ్డారు. పెద్దాయన ముందు కుర్చీలో కూర్చున్నాడు. మరిది కొత్త చొక్కా వేసుకుని, వదిన పెద్దాయన కంటబడకుండా ఉండాలని ఆవిణ్ణి సర్వరు గదిలోకి పంపేశాడు. "ఏదైనా తెగితే మీరు చూసుకోండి వదినా, బయటికి రానక్కర్లేదు." స్కానింగు అయ్యాక ఆ గది మూలన పడేసిన రేకు పెట్టెల్లోంచి కార్డు ఒకటి తీసి, ఆవిడ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాల్లో గోడ మీద కనబడేదే ఆవిడ ముందున్న చిన్న తెర మీదా కనబడుతుంది.

బల్లి ప్రశ్న వచ్చింది. 'రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగింది. లోపల మనుషుల్లేరు. ఏం చెయ్యాలి?'

జవాబు వచ్చింది. 'బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి, దగ్గరి అంతస్తుకు తీసుకురండి.'

ఫోనక్క చెవి గోడకు ఆనించింది. కుర్చీ జరిగిన చప్పుడు కోసం. పెద్దాయన గొంతు కోసం. గొంతు వినబడింది. "భలే! ఐదు క్షణాల్లో చెప్పేసిందే!" ఆ వెంటనే చప్పట్లు. పాతికమంది మెకానిక్కులూ కొడుతున్నారు. మెయిన్ సంగతి ఒక్కడికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? అడగడం వాళ్ళ పని కాదుగా, ఎన్నడూ కాదు.

చిన్న తెర మీద బల్లి మాట. 'సరే, తిప్పుతున్నా.'

ఆవిడ ఫోను కోసం చూసింది. సొంత ఫోను సంచిలో ఉంది, సంచి రిసెప్షన్లో ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళి చేతి పరీక్ష మీట నొక్కింది. గబగబా కొట్టింది.

'ఆగు. చెయ్యి తియ్. మెయిన్ తీశావా? తాళం వేశావా? తాళంచెవి ఎవరి జేబులో ఉంది?'

ఏమీ రాలేదు. చప్పట్లు ఆగిపోయాయి. గోడ అవతల ఎవరో దగ్గారు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే పాత మెకానిక్కు చెయ్యి కనబడుతుందని. ఎంతసేపు గడిచిందో ఆవిడకు తెలియలేదు. మరిది తరవాత చెప్పుకున్నదాన్ని బట్టి నిమిషం కూడా కాలేదట.

'అక్కా? నువ్వేనా?'

ఆ వెనకే ఇంకో రెండు ముక్కలు. 'చక్రం మీద చెయ్యి వేశా, నీ మాట చూసి తీశా. తియ్యగానే మోటారు దానంతటదే ఒక చుట్టు తిరిగింది. కింద ఎవరో బటన్ నొక్కినట్టున్నారు.' 'ఇప్పుడు మెయిన్ తీశా. తాళం వేశా. చెవి నా జేబులో ఉంది.'

హాల్లో గోడంత అక్షరాలతో అవన్నీ కనబడ్డాయి. "అక్కే! ఫోనక్కే!" అని మెకానిక్కులు గోల. అప్పుడు జరిగింది కుర్చీ.

ఫోనక్క కళ్ళు తుడుచుకుని, కార్డు పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. భయం పోయిన చోట కోపం మళ్ళీ వచ్చి కూర్చుంది, ఇంతకు ముందుకన్నా బలంగా. పెద్దాయన మొహం నల్లబడి ఉంది.

"ఈ ప్రశ్నలు మొదటి జవాబులో ఎందుకు రాలేదయ్యా?" అన్నాడు మరిదితో.

"చిన్న సాంకేతిక లోపం సార్..."

"లోపం లేదండీ, మెషీను తనకిచ్చింది చెప్పింది" అని ఫోనక్క కార్డు పెద్దాయన చేతిలో పెట్టి, తిరగేసింది. "ఈ పక్క దానికి ఇవ్వలేదు. రెండువేల మూడొందల కార్డుల్లో ఒక్కదానికీ ఇవ్వలేదు."

పెద్దాయన చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇవి ఎవరు రాశారు?"

"కంపెనీవే సార్, ఫీల్డు నుంచి..." మరిది నీళ్ళు నమిలాడు.

"కంపెనీకి చేతులుంటాయా? ఎవరు రాశారని అడుగుతున్నాను."

మరిది నేల చూశాడు, తలుపు చూశాడు, చివరికి వదిన మొహం చూశాడు. అక్కడ జాలి ఏమైనా దొరుకుతుందేమోనని. ఆవిడ నవ్వుతోంది. "మా వదిన" అన్నాడు, పెదవులు కదిలీ కదలనట్టు.

"వినబడలేదు" అంది ఫోనక్క. "పందొమ్మిదేళ్ళు ఫోన్లు ఎత్తి ఎత్తి చెవులు కాస్త మందగించాయి. గోడ దగ్గరున్నవాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పు నాయనా."

"ఆ కార్డులు మా వదినవి. అన్నీ. నేను... నేను రాయలేదు."

చెప్పొద్దూ, ఎంత హాయిగా ఉందో ఆవిడకు! మూడు నెలలుగా గుండెలో రంపం పెట్టి కోస్తున్నవాడెవడో రంపం పక్కన పడేసి వెళ్ళిపోయినట్టుంది. మెకానిక్కులు ఈలలు వేశారు. జాబితాలోంచి ఆ పేరు అక్కడికక్కడే తీయించాడు పెద్దాయన. వెనక పక్కలు ఎక్కేదాకా చాట్ కట్టెయ్యమని, మర్నాటి నుంచి ఫోను ఫోనక్క బల్ల మీద ఉండాలని చెప్పాడు. మరిదిని తన గదిలోకి రమ్మన్నాడు. కొత్త చొక్కా వీపు మీద చెమటతో అంటుకుపోయి ఉండటం కూడా ఆవిడ వదలకుండా, తృప్తిగా చూసింది.

మధ్యాహ్నం మూడింటికి బల్లి వచ్చాడు. తిన్నగా ఆవిడ దగ్గరికొచ్చి, గ్రీజు చెయ్యి రెండు పక్కలా తిప్పి చూపించాడు.

"నీ పుణ్యమే అక్కా ఇది. ఒక్క క్షణం ఆలస్యమైతే నా పిల్లలకు ఎడం చేత్తో అన్నం కలిపి పెట్టేవాణ్ణి. ఇవాళ నీకెలా తట్టిందో!"

ఔననేస్తే పోయేది. నవ్వేస్తే పోయేది. కానీ వాడా చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకున్నాడు, ఆవిడ మొహానికెదురుగా.

"ఇవాళ తట్టలేదురా. శుక్రవారమే తెలుసు."

"ఏం తెలుసు?"

"వెనక పక్కలు లేవని. అడగకుండా మందు చెబుతుందని."

బల్లి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "మరి చెప్పలేదేం అక్కా?"

"మా మరిది నలుగురిలో తల వంచాలని."

వాడు చెయ్యి దించాడు. దాని వంక చూసుకున్నాడు, తన చెయ్యేనా అన్నట్టు. వెటకారం లేదు వాడి గొంతులో, నిజంగానే అడిగాడు. "వంచాడుగా. సరిపోయిందా?"

జవాబు కోసం ఆగకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఫోను బల్ల మీదికి వచ్చింది. రేకు పెట్టెలు తొమ్మిదీ వరసగా పక్కన పెట్టుకుని కూర్చుంది ఫోనక్క. తొమ్మిదింబావుకు మొదటి ఫోను మోగింది. ఎత్తింది.

"హలో, నేనండీ" అన్నాడు బల్లి. "నాలుగో అంతస్తులో ఆగింది. మెయిన్ తీశాను. తాళం వేశాను. చెవి నా జేబులోనే ఉంది, మీరు అడగక్కర్లేదు. ఏం చెయ్యాలో చెప్పండి."

పదహారేళ్ళలో వాడు ఆవిణ్ణి మీరు అన్నది అదే మొదలు. కార్డు అప్పటికే ఆవిడ చేతిలో వెనక్కి తిరిగి ఉంది. ముందు పక్కకు తిప్పి, రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చదివింది. వాడు "సరేనండీ" అని పెట్టేశాడు.